కాశీవాసానికి బస ఎంపిక

కార్తీకం మొదలుకొని ఫాల్గుణం వరకు తెలుగునాట నుండి కాశీకి బయలుదేరే యాత్రికులు ఎక్కువగా ఉంటారు. ఎండ తగ్గి, గంగ వరద తీసి, ఘట్టాల మెట్లు బయటపడి ఉండే కాలమిది. బాధ్యతలు తీరిన పెద్దలు కొన్నాళ్ళు ప్రశాంతంగా గడిపి రావాలని ఈ ఋతువునే ఎంచుకొంటారు. రైలు టిక్కెట్ల విషయంలో ఎంతో ముందునుండి జాగ్రత్తపడే మనం బస విషయంలో మాత్రం ఫోనులో నాలుగు ఫొటోలు చూసి నిర్ణయం తీసుకొంటాం. నేనూ అదే చేశాను. దాని ఫలితాన్ని మా అమ్మగారు అనుభవించారు. కనుక నేను ఆలస్యంగా నేర్చుకొన్న నాలుగు సంగతులను తోటి యాత్రికులకు విన్నవిస్తున్నాను.

పెద్దలు బసను ఎలా చూశారు

ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో చెన్నపట్నం నుండి కాశీయాత్రకు బయలుదేరి 1831లో తిరిగి వచ్చారు. ఆయన రచించిన ‘కాశీయాత్ర చరిత్ర’లో క్షేత్రమహిమతో పాటు ప్రతి మజిలీలోను దిగడానికి వసతి ఉన్నదా, మంచినీరు ఉన్నదా, సరుకులు దొరుకుతాయా అన్న వివరాలు ఓపికగా నమోదై ఉంటాయి. వెనుక వచ్చే యాత్రికునికి ఆ వివరమే అండ అని ఆయనకు తెలుసు.

వ్యాసభగవానుని కథ కూడా ఇక్కడ స్మరించదగినదే. కాశిలో భిక్ష దొరకక, శిష్యులతో సహా పస్తుండి, ఆకలి బాధ తాళలేక ఆ మహానుభావుడు కాశీనగరాన్నే శపించబోయాడని శ్రీనాథుని కాశీఖండం చెబుతుంది. అంతటి మహర్షికే అలసట, ఆకలి మనసును చెదరగొట్టాయి. మనబోటి వారి మాట వేరే చెప్పాలా? విశ్రాంతి భక్తికి అడ్డు కాదు. శరీరం స్థిమితంగా ఉంటేనే మనసు స్వామివద్ద నిలుస్తుంది.

మా అనుభవం

కాశిలో తొమ్మిది రాత్రులు నిద్ర చేయడం మన తెలుగువారిలో పలు కుటుంబాలు పాటించే నియమం. తల్లిగర్భంలో గడిపిన తొమ్మిది నెలలకు అది సంకేతమని పెద్దలు చెబుతారు. మా అమ్మగారికి ఆ కోరిక ఏనాటిదో. ఒక పుష్యమాసంలో తీసుకువెళ్ళాను. చలికాలం కదా, ఆమెకు సుఖంగా ఉండాలని లిఫ్టు, వేడినీళ్ళు, మెత్తని పరుపులు ఉన్న హోటలు చూశాను. అది వరణ నది వంతెన దాటిన తరువాత, విమానాశ్రయానికి వెళ్ళే దారిలో ఉంది. ఊరు పేరు వారణాసి అనే ఉన్నది కనుక సరిపోయిందనుకొన్నాను.

ప్రతి ఉదయం మంచులో ఆటో కోసం నిరీక్షణ. గొదౌలియా కూడలికి ముందే వాహనాలను ఆపివేయడంతో మిగిలిన దూరం నడక. గంగ చేరేసరికే ఆమె అలసిపోయేవారు. స్నానం ఒక్కరోజే సాధ్యమైంది. మూడవ రాత్రి ఆమె నన్ను పిలిచి, “నాన్నా, ఇలాంటి పరుపు మన ఇంట్లోనూ ఉంది. గంగే లేదు. అసలు మనం పడుకొంటున్నది కాశిలోనేనా?” అని అడిగారు.

వరణ, అసి నదుల నడుమ ఉన్నందున వారణాసి అయిందని మనం వింటూ వచ్చినదే. మరునాడు పురోహితులను అడిగితే, పంచక్రోశ యాత్రామార్గం పరిధి అంతకన్న విశాలమైనదని, సందేహపడనక్కరలేదని చెప్పారు. కాని అమ్మగారి మనసు కుదుటపడలేదు. ఆ రోజే కేదారఘాటు సమీపంలో ఒక సత్రంలో కింది అంతస్తు గదికి మారాం. గది చిన్నది, గోడలు పాతవి. అయినా తెల్లవారగానే శాలువ కప్పుకొని, నా చేయి పట్టుకొని నెమ్మదిగా గంగ ఒడ్డుకు వెళ్ళి మెట్లమీద కూర్చొనేవారు. అక్కడినుండి లెక్క మళ్ళీ మొదలుపెట్టారు. తిరుగు ప్రయాణం టిక్కెట్టు ముందే తీసినందున ఆరు రాత్రులే దక్కాయి. మిగిలిన మూడింటికి మరుసటి ఏడు వెళ్ళాలనుకొన్నాం. ఆమె మోకాళ్ళు అంగీకరించలేదు.

కాలం

ఆషాఢం నుండి భాద్రపదం వరకు గంగ పొంగి ఘట్టాల మెట్లు మునుగుతాయి. వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. కార్తీకంలో వాతావరణం హాయిగా ఉంటుంది. అయితే కార్తీక పూర్ణిమనాటి దేవదీపావళికి, మహాశివరాత్రికి జనసమ్మర్దం విపరీతం, గదుల ధరలూ ఎక్కువే. ఉత్సవం చూడదలచినవారు ముందే ఏర్పాటు చేసుకోవాలి. ప్రశాంతత కోరేవారు ఆ తేదీలకు ఎడంగా వెళ్ళడం మేలు. డిసెంబరు, జనవరి నెలల్లో దట్టమైన పొగమంచు వల్ల రైళ్ళు, విమానాలు గంటల తరబడి ఆలస్యమవుతాయి. అర్ధరాత్రి చేరినా తలుపు తీస్తారా అన్నది బయలుదేరే ముందే అడగాలి. వృద్ధులకు మాఘమాసం ఉత్తరార్ధం అనుకూలం.

చోటు

విశ్వేశ్వరుని ఆలయానికి అతి సమీపంలోని సందులలో బస చేస్తే దర్శనం సులభం. కాని అక్కడికి వాహనం రాదు, రద్దీ తగ్గదు. కేదార, హరిశ్చంద్ర, మానససరోవర ఘాట్ల పరిసరాలలో దక్షిణాది యాత్రికులు తరతరాలుగా దిగుతున్నారు. తెలుగువారి సత్రాలు, ఆశ్రమాలు అక్కడ ఉన్నాయి, తెలుగు మాట వినిపిస్తుంది. అసి ఘాటు వైపు కొంత విశాలంగా ఉంటుంది గాని ఆలయం దూరం. కంటోన్మెంటు వైపు పెద్ద హోటళ్ళు సౌకర్యవంతమైనవే. ఒకటి రెండు రోజులు చూసి వెళ్ళేవారికి అవి చాలు. ప్రతిదినం గంగాస్నానం చేయదలచిన వృద్ధులకు మాత్రం ఆ దూరం భారమవుతుంది.

సత్రమా, హోటలా?

సత్రంలో భోజనం, ఆచారం, తోటివారి సహవాసం లభిస్తాయి. అందుకు ప్రతిగా నియమాలు పాటించాలి. అనేక సత్రాలలో ఒక కుటుంబానికి ఇన్ని రోజులే అన్న పరిమితి ఉంటుంది. తొమ్మిది రాత్రులు ఉండదలచినవారు ఆ సంగతి ముందే తెలిపి అంగీకారం పొందాలి. అందరి గుర్తింపు కార్డులు దగ్గర ఉంచుకోవాలి. భోజనానికి ఎంతమందో సకాలంలో చెప్పాలి. హోటలులో వేళలకు స్వేచ్ఛ ఉంటుంది, ఖర్చు ఎక్కువ. గది ఖాళీ చేయవలసినది మధ్యాహ్నానికా, దిగినప్పటినుండి ఇరవైనాలుగు గంటలకా అన్నది తెలుసుకోవాలి.

ఏది ఎంచుకొన్నా ఈ ప్రశ్నలు ఫోనులో అడగండి: గది ఎన్నవ అంతస్తులో ఉంది? లిఫ్టు ఉందా? వాహనం దిగిన చోటునుండి గుమ్మం వరకు ఎంత నడక? గంగకు ఎన్ని మెట్లు దిగాలి? కుర్చీ వంటి మరుగుదొడ్డి ఉందా? వేడినీళ్ళు తెల్లవారుజామున వస్తాయా? రగ్గులు ఇస్తారా? మీ కుటుంబంలో అందరికన్న పెద్దవారి కాళ్ళను తలచుకొని జవాబులు వినండి. గది వారికి సరిపోతే అందరికీ సరిపోయినట్లే.

మోసాల పట్ల జాగ్రత్త

ప్రసిద్ధ సత్రాల, ఆలయాల పేర్లతో నకిలీ వెబ్‌సైట్లు పుట్టుకొస్తున్నాయి. వ్యక్తిగత ఖాతాకు అడ్వాన్సు పంపమంటే పంపవద్దు. ఇదివరకు అక్కడ బస చేసినవారి వద్దనో, సంస్థవారి రసీదు మీదనో ఉన్న నంబరుకు మాట్లాడి, రసీదు పొందండి. స్టేషన్లో దిగగానే “మీ సత్రం నిండిపోయింది, వేరేచోటికి తీసుకువెళ్తాను” అనే మాటను నమ్మకండి. ముందు మీ సత్రానికే ఫోను చేయండి.

దాతలకు ఒక మనవి

యాత్రికులకు నీడ కల్పించే దాతల ఔదార్యం వల్లనే క్షేత్రాలలో సామాన్యునికి బస దొరుకుతున్నది. గది కట్టించదలచిన పుణ్యాత్ములు ఆ గదిని వీలైతే కింది అంతస్తులో కట్టించండి. అది కుదరకపోతే, ఉన్న మెట్లకు చేతిపట్టు కమ్మీ, స్నానాల గదిలో పట్టుకొనేందుకు ఒక ఊచ, తెల్లవారుజామున వేడినీళ్ళు సమకూర్చండి. కేదారఘాటు సత్రంలో మా అమ్మగారు రోజూ పట్టుకొని దిగిన ఇనుప కమ్మీ మీద దాత పేరు లేదు. ఇంటికి వచ్చాక కూడా ఆమె ఆ దాతను తలచి నమస్కరించేవారు.