గణపతిదేవుడు - కృష్ణరాయలు

శ్రీకృష్ణదేవరాయల పేరెరుగని తెలుగువాడుండడు. కాకతి గణపతిదేవుని పేరు మాత్రము పాఠ్యగ్రంథములు దాటి జనుల నాలుకపైకి అంతగా రాలేదు. అరువదియేండ్లకు పైబడి యేలిన ప్రభువుకంటె ఇరువదియేండ్లేలిన ప్రభువే మనకు ఆప్తుడైనాడు. ఈ తారతమ్యము వారి కార్యములలో నున్నదా, లేక మన జ్ఞాపకములో నున్నదా?

ఇరువురును విజేతలే. యాదవరాజుల చెరనుండి విడుదలయై 1199లో సింహాసనమెక్కిన గణపతిదేవుడు తీరాంధ్రమును ఓరుగల్లు ఏలుబడిలోనికి తెచ్చెను. 1509లో రాజ్యమునకు వచ్చిన రాయలు 1514లో ఉదయగిరిని, 1515లో కొండవీటిని, 1520లో రాయచూరును గెలిచెను. కాని 1323లో ఓరుగల్లు పడెను. 1565 యుద్ధముతో విజయనగరము పాడుపడెను. గెలిచిన కోటలతో తూచినచో ఇరువురికిని మిగిలినది స్వల్పమే.

మిగిలినది వేరొకటి కలదు. తుపానులో చెడి ఒడ్డుకు కొట్టుకొనివచ్చిన ఓడల సరకును పూర్వరాజులు బలాత్కారముగా హరించుచుండిరి. గణపతిదేవుడు 1244-45లో మోటుపల్లి రేవున శాసనము వేయించి, నియమిత సుంకము తప్ప మరేమియు గొనబోమని వర్తకులకు అభయమిచ్చెను. సుమారు రెండువందల డెబ్బదియేండ్ల తరువాత రాయలు ఆముక్తమాల్యదలోని రాజనీతి ఘట్టమున, రేవులను బాగుచేయవలెననియు, ఆపదపాలై దిగిన పరదేశి నావికులను వారివారికి తగినట్లు ఆదరింపవలెననియు వ్రాసెను.

నీటి విషయమును అట్టిదే. గణపతిదేవుని కాలమున రామప్ప, పాకాల చెరువులు వెలసెను. రాయలు నేటి హోసపేట చెంత గొప్ప తటాకమును కట్టించుచుండగా పోర్చుగీసు యాత్రికుడు పేయిష్ కన్నులార చూచి వర్ణించెను. చెరువులు, కాలువలు త్రవ్వించి పేదరైతునకు పన్ను తేలిక చేయుమని రాయల కావ్యము చెప్పుచున్నది.

వారసత్వమున మాత్రము గణపతిదేవునిదే పైచేయి. పుత్రులు లేని ఆయన కుమార్తె రుద్రమదేవిని తన జీవితకాలముననే రాజ్యభారమునకు సిద్ధపరచెను. రాయలు పట్టముగట్టిన బాలుడు తిరుమలుడు అకాలమున మరణించెను. 1529లో రాయలు గతించినపిమ్మట సింహాసనము చుట్టును కలహములు రేగెను.

అయినను కీర్తి రాయలనే వరించెను. గణపతిదేవుని కొలువున విద్య లేకపోలేదు. ఆయన గజసైన్యాధిపతి జాయపసేనాని నృత్తరత్నావళిని రచించెను. కాని యది సంస్కృతము, పండితుల సొత్తు. మోటుపల్లి అభయము శిలపై నున్నది; శిల యున్నచోటనే యుండును. రాయల మాట తెలుగు పద్యమై, ఆయన కవుల కథలు చాటువులై ఇంటింటికి నడచినవి.

పద్యమైనదానినే తలచు జాతికి చెరువు కట్టిన చేయి మరపునకు వచ్చుట సులభము. చేయిని మరచినచోట చెరువునందు పూడిక చేరును. 2015లో తెలంగాణ ప్రభుత్వము చెరువుల పునరుద్ధరణకు పూనుకొని, ఆ పథకమునకు కాకతీయుల పేరే పెట్టెను. గణపతిదేవునికి ఆలస్యముగా దక్కిన తెలుగు పద్యమది.