జాబ్స్‌కు నచ్చిన కాలిక్యులేటర్

1982లో ఆపిల్ ఉద్యోగి క్రిస్ ఎస్పినోసా కంప్యూటర్ తెర మీద ఓ కాలిక్యులేటర్ గీసి స్టీవ్ జాబ్స్‌కు చూపించాడు. మీటలు పెద్దవన్నాడు జాబ్స్. వెనక రంగు ముదురన్నాడు. సరిచేసి తెస్తే మరో వంక పెట్టాడు. ఇలా కాదని ఎస్పినోసా గీతల మందం, మీటల సైజు, వెనక డిజైన్ అన్నీ మెనూల్లోంచి మార్చుకునే ప్రోగ్రామ్ రాసి ఆయన ముందు పెట్టాడు. జాబ్స్ పది నిమిషాలు కూర్చుని తనకు కావలసిన రూపం తేల్చేశాడు. 1984 జనవరిలో మాకింటోష్ కంప్యూటర్‌తో వచ్చిన ఆ కాలిక్యులేటర్ మాక్ ఓఎస్ 9 దాకా ఇంచుమించు అదే ముఖంతో బతికింది. కొన్నవాళ్లకు మాత్రం ఆ మెనూలు ఇవ్వలేదు!

అసలు కాలిక్యులేటర్ లాంటి బుల్లి ప్రోగ్రాములు పుట్టింది అందం కోసం కాదు, మెమరీ చాలక. తొలి మాకింటోష్ మెమరీ 128 కిలోబైట్లు. ఒకసారికి ఒక్క ప్రోగ్రామే నడిచేది. ఉత్తరం టైపు చేస్తూ మధ్యలో ఓ కూడిక చూసుకోవాలంటే ఉత్తరం మూసెయ్యాల్సిందే. ఆపిల్ ఇంజనీర్లు బడ్ ట్రిబుల్, ఆండీ హెర్ట్జ్‌ఫెల్డ్ దీనికో దొంగదారి కనిపెట్టారు. గడియారం, కాలిక్యులేటర్ లాంటివాటిని పరికరాలను నడిపే డివైస్ డ్రైవర్ల వేషంలో లోపలికి పంపారు. పెద్ద ప్రోగ్రామ్ మధ్యమధ్య సిస్టమ్‌కు వంతు ఇచ్చినప్పుడల్లా, దాని అరుగు మీద తలదాచుకున్న ఈ డెస్క్ యాక్సెసరీలు తమ పని కానిచ్చుకునేవి. చోటు ఎంత ఇరుకంటే, అంకెల పలకలు జరిపే పజిల్ ఆటను 6 కిలోబైట్ల నుంచి దాదాపు 600 బైట్లకు కుదించి తిరగరాశారు.

ఈ బుల్లి ప్రోగ్రాములను మార్చుకునే హక్కు మాక్ వాడే మామూలు జనానికి దక్కింది 2003లో. ఆర్లో రోజ్, పెర్రీ క్లార్క్ అనే ఇద్దరు మాక్ కోసం కాన్‌ఫాబ్యులేటర్ అనే సాఫ్ట్‌వేర్ తెచ్చారు. అందులో విడ్జెట్ అంటే కొన్ని బొమ్మలు, కాస్త జావాస్క్రిప్ట్. వెబ్ పేజీ చెయ్యడం వచ్చినవాళ్లెవరైనా సొంత గడియారం, వాతావరణ సూచిక తయారుచేసుకోవచ్చు. మరుసటి ఏడాదే ఆపిల్ ఇలాంటి విడ్జెట్లతోనే డ్యాష్‌బోర్డ్ ప్రకటించింది. కాపీ కొట్టారని కొందరు, 1984లోనే మా దగ్గర డెస్క్ యాక్సెసరీలున్నాయని ఆపిల్ పక్షం. ఆలోచన పాతదే, ఒప్పుకోవాలి. కానీ రాసే పనిని వాడేవాడి చేతికిచ్చిన ఘనత మాత్రం రోజ్, క్లార్క్‌లదేనని నా లెక్క. 2005లో యాహూ ఆ ఇద్దరి సంస్థను కొని ఆ సాఫ్ట్‌వేర్‌ను ఉచితం చేసింది.

మైక్రోసాఫ్ట్ విండోస్ విస్టాలో ఈ విడ్జెట్లే గాడ్జెట్లయ్యాయి. చూడ్డానికి వెబ్ పేజీలే. కానీ బ్రౌజర్ కట్టుబాట్లు లేకుండా, యజమాని అధికారాలతో నడిచేవి. అందుకే ప్రమాదకరమని 2012లో మైక్రోసాఫ్టే వాటిని ఆపెయ్యమంది. 2019లో డ్యాష్‌బోర్డూ పోయింది.

డ్యాష్‌బోర్డ్ పోయినా దాని జాడ ఒకటి మిగిలింది. దాని విడ్జెట్లలో బొమ్మలు గీయడానికి ఆపిల్ తన బ్రౌజర్ ఇంజన్ వెబ్‌కిట్‌లో కాన్వాస్ అనే ట్యాగ్ చేర్చింది. వెబ్ ప్రమాణాల్లో లేనిది ఎలా చేరుస్తారని మొదట్లో విమర్శలొచ్చాయి. తర్వాత మిగతా బ్రౌజర్లూ దాన్నే తీసుకున్నాయి, హెచ్‌టీఎంఎల్ 5 ప్రమాణంలోకి ఎక్కింది. ఇవాళ బ్రౌజర్లో ఆడే ఆటలు చాలావరకు దాని మీదే నడుస్తున్నాయి.