పండిన అరటితో బ్రెడ్: ఏది తగ్గించాలి, తగ్గిస్తే ఏమవుతుంది?

వేసవిలో జంషెడ్‌పూర్ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఆ రోజుల్లో బిర్సానగర్‌లో ఒక ఇంటివారు డజను అరటిపళ్లు కొంటే, సగం తినేలోపే మిగతా సగానికి తొక్క మీద గోధుమరంగు మచ్చలు వచ్చేస్తాయి. మరో రోజు గడిస్తే నల్లబడతాయి. ఇక వాటిని పిల్లలు ముట్టరు. ఉక్కు కర్మాగారంలో పనికోసం ఒకప్పుడు శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వెళ్లి అక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఆ నగరంలో చాలానే ఉన్నాయి. మగ్గిపోయిన పండును గోధుమ పిండిలో బెల్లంతో కలిపి నూనెలో అప్పాలు వేయడం తెలుగు ఇళ్లకు కొత్త కాదు. ఇప్పుడు ఆ పండే బనానా బ్రెడ్‌గా మారుతోంది. నూనెలో వేయించడం లేదు, పైగా పండుతో చేసింది కాబట్టి ఇది ఆరోగ్యకరమని చాలామంది నమ్మకం. ఆ నమ్మకంలో కొంత నిజం ఉంది, కొంత లేదు.

పేరుకు బ్రెడ్ అయినా అది కేకుకు దగ్గరి చుట్టం. అంగట్లో దొరికే బ్రెడ్డును ఈస్ట్ గంటల తరబడి పులియబెట్టి పొంగిస్తుంది. దీన్ని వంట సోడా నిమిషాల్లో పొంగిస్తుంది. అమెరికా వంట పుస్తకాల తీరులో చేసే బనానా బ్రెడ్‌కు మూడు పళ్లు, 200 గ్రాముల మైదా, ఇంచుమించు అంతే చక్కెర, 115 గ్రాముల వెన్న, రెండు గుడ్లు పడతాయి. దాన్ని పది ముక్కలు చేస్తే ఒక్కో ముక్కలో బయటినుంచి వేసిన చక్కెరే 20 గ్రాములు. కేలరీలు 270 దాకా వస్తాయి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల ప్రకారం రోజు మొత్తానికి కలిపే చక్కెర 25 గ్రాములకు మించకూడదు. అంటే ఒక్క ముక్కతోనే ఐదింట నాలుగు వంతుల కోటా అయిపోతుంది. పక్కన రెండు చెంచాల చక్కెరతో టీ ఉంటే ఆ రోజు లెక్క అక్కడికక్కడే దాటిపోతుంది.

ఈ లెక్క పట్టించుకోవాల్సిన కారణం జార్ఖండ్‌లోనే ఉంది. భారత వైద్య పరిశోధన మండలి చేపట్టిన ఇండియాబ్ అధ్యయనం 2011లో తొలి దశ ఫలితాలు ప్రకటించింది. అప్పుడు జార్ఖండ్ మొత్తం మీద మధుమేహం 5.3 శాతమే. కానీ అదే రాష్ట్రంలో గ్రామాల్లో 3 శాతం ఉంటే పట్టణాల్లో 13.5 శాతం ఉంది. అదే అధ్యయనం 2023లో దేశమంతటి అంచనాలు వెలువరించింది. దేశంలో మధుమేహులు 10.1 కోట్లు, ఆ అంచున ఉన్నవారు మరో 13.6 కోట్లు. పల్లె నుంచి వచ్చి కర్మాగారపు పట్నంలో రెండు మూడు తరాలుగా ఉంటున్న కుటుంబాలకు ఈ అంకెలు దూరపు సంగతి కాదు.

ఆరోగ్యకరంగా చేయాలనుకున్నవారు సాధారణంగా మొదట చేసే పని చక్కెర తీసేసి బెల్లం వేయడం. ఇది మార్పు కంటే ఓదార్పే ఎక్కువ. బెల్లంలో సుమారు 85 శాతం చక్కెరలే. శరీరానికి వాటి సంగతి అంతా ఒకటే. బెల్లంలో ఇనుము ఉందంటారు, నిజమే. కానీ ఒక ముక్క బ్రెడ్‌లోకి వచ్చే ఐదు గ్రాముల బెల్లంలో ఇనుము పావు మిల్లీగ్రాముకు మించదు. ఒక స్త్రీకి రోజుకు 29 మిల్లీగ్రాములు కావాలని పోషకాహార సంస్థ చెబుతోంది. బెల్లాన్ని దాని రుచికోసం, రంగుకోసం వేసుకోవచ్చు. పోషకాల కోసమైతే ఆకుకూరలు, పప్పులు నయం. తేనెకూ ఇదే మాట వర్తిస్తుంది.

రెండో మార్పు మైదా బదులు గోధుమ పిండి. ఇక్కడ లాభం నిజంగానే ఉంది, అయితే అందరూ అనుకునే చోట కాదు. వంద గ్రాముల మైదాలో పీచు మూడు గ్రాముల లోపే. పొట్టుతో సహా మర పట్టిన గోధుమ పిండిలో సుమారు 11 గ్రాములు. ఈ పీచు మలబద్ధకాన్ని తగ్గిస్తుంది, పేగుల్లోని మేలుచేసే సూక్ష్మజీవులకు తిండి అవుతుంది, కడుపు నిండిన భావన ఇస్తుంది. రక్తంలో చక్కెరను మాత్రం అది పెద్దగా ఆపదు. తిన్న ఆహారం రక్తంలో గ్లూకోజును ఎంత వేగంగా పెంచుతుందో చెప్పే గ్లైసిమిక్ సూచీ అంతర్జాతీయ పట్టికల్లో తెల్ల బ్రెడ్‌కు 75, ముడి గోధుమ బ్రెడ్‌కు 74. గింజను మెత్తటి పొడిగా చేశాక, పక్కన పొట్టు ఉన్నా లేకపోయినా అందులోని పిండి పదార్థాన్ని జీర్ణరసాలు దాదాపు ఒకే వేగంతో విడగొడతాయి. అందుకే గోధుమ పిండితో చేశాం కదా అని మూడు ముక్కలు తింటే ప్రయోజనం లేదు.

తగ్గించాల్సింది చక్కెర, కొవ్వుల మోతాదే. కానీ చక్కెర తీపి కోసం మాత్రమే ఉంటే దాన్ని తగ్గించడం ఎంతో తేలిక. బ్రెడ్‌లో అది మరికొన్ని పనులు చేస్తుంది. నీటిని పట్టి ఉంచి ముక్కను తడిగా, మెత్తగా ఉంచుతుంది. గోధుమలోని గ్లూటెన్ గట్టిగా అల్లుకోకుండా అడ్డుపడుతుంది. పిండి గట్టిపడే ఉష్ణోగ్రతను కాస్త పైకి జరిపి, గట్టిపడేలోపు పొంగడానికి వ్యవధి ఇస్తుంది. పైభాగానికి గోధుమ రంగునూ ఇస్తుంది. దాన్ని నాలుగో వంతుకు తగ్గిస్తే ఆ పనులన్నీ చేసేవారు ఇంకెవరో కావాలి. చక్కెర తగ్గించిన బ్రెడ్ ఇటుకలా వచ్చిందని వాపోయేవారు సాధారణంగా ఈ ఖాళీని నింపడం మరచిపోయినవారే.

మగ్గిన పండు ఆ ఖాళీని చాలావరకు నింపుతుంది. పచ్చి అరటికాయ బరువులో దాదాపు 20 శాతం పిండి పదార్థమే. పండేటప్పుడు కాయ తనంతట తానే ఇథిలీన్ అనే వాయువును విడుదల చేస్తుంది. ఆ సంకేతంతో ఎంజైములు పిండి పదార్థాన్ని విడగొట్టి సుక్రోజ్, గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌లుగా మారుస్తాయి. బాగా పండిన పండులో పిండి పదార్థం ఒకటి రెండు శాతానికి పడిపోతుంది. కణాలను అంటిపెట్టి ఉంచే పెక్టిన్ కూడా కరుగుతుంది కాబట్టి పండు చెంచాతో నొక్కితే గుజ్జవుతుంది. గట్టిగా ఉన్న పసుపు పచ్చని పండు కంటే తొక్క మీద నల్ల మచ్చలున్న పండు ఈ పనికి మేలు. కేవెండిష్ రకమైనా, కోస్తా జిల్లాల చక్కెరకేళి అయినా పరవాలేదు. పళ్లు ఎక్కువైతే తొక్క తీసి డబ్బాలో పెట్టి ఫ్రీజర్‌లో దాచుకోవచ్చు. కరిగాక నీరు వదులుతుంది, ఆ నీటినీ వాడేయాలి.

ఇక్కడ మరో సంగతి దాచకూడదు. మూడు పళ్లలో 45 నుంచి 60 గ్రాముల దాకా చక్కెర ఉంటుంది. పండును పండుగా నమిలి తిన్నప్పుడు ఆ చక్కెర కణాల గోడల మధ్య ఉంటుంది, నెమ్మదిగా బయటపడుతుంది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని పరిమితి విధించిన చక్కెరల్లో లెక్కించదు. గుజ్జు చేస్తే ఆ గోడలు చాలావరకు పగిలిపోతాయి. బ్రిటన్‌లో ఆహార లెక్కలు వేసేవారు పండ్ల గుజ్జులోని చక్కెరను కూడా తగ్గించుకోవాల్సిన చక్కెరల జాబితాలోనే చేర్చారు. కాబట్టి చక్కెర అస్సలు వేయలేదని చెప్పుకునే బనానా బ్రెడ్ కూడా చక్కెర లేని పదార్థం కాదు. మధుమేహం ఉన్నవారు దాన్ని బిస్కెట్ల బదులు ఒక ముక్కగా తినాలి తప్ప, బిస్కెట్లతో పాటు కాదు.

ఇక కొలతల సంగతి. తొక్క తీశాక 300 గ్రాములు తూగే మూడు పెద్ద పళ్లు, 150 గ్రాముల గోధుమ పిండి, 50 గ్రాముల రాగి పిండి, 50 గ్రాముల తురిమిన బెల్లం, 100 గ్రాముల పుల్లటి పెరుగు, 50 మిల్లీలీటర్ల నూనె, ఒక చిన్న చెంచా నిమ్మరసం, తలగొట్టిన అర చెంచా వంట సోడా, చిటికెడు ఉప్పు, రెండు యాలకులు, 40 గ్రాముల వేయించిన వేరుశనగ గుళ్లు. రాగులను ఉత్తరాంధ్రలో చోళ్లంటారు, జార్ఖండ్ ఇరుగుపొరుగు మడువా అంటారు. వాటిలో గ్లూటెన్ ఉండదు కాబట్టి పిండిలో పావు వంతుకు మించితే ముక్క పొడిపొడిగా రాలిపోతుంది. రాగుల కాల్షియం గొప్పది, వంద గ్రాములకు 360 మిల్లీగ్రాములు దాటుతుంది. కానీ ఒక ముక్కలోకి వచ్చేది 18 మిల్లీగ్రాములే. రాగిని ఇక్కడ పీచుకోసం, కమ్మదనం కోసం వేస్తున్నాం. కాల్షియం కోసమైతే అంబలి తాగాలి.

వెన్న బదులు నూనె వేయడానికి కారణం కేలరీలు కాదు. కొవ్వు ఏదైనా గ్రాముకు తొమ్మిది కేలరీలే. వెన్నలో సగం సంతృప్త కొవ్వు, పొద్దుతిరుగుడు నూనెలో అది పదో వంతు మాత్రమే. వనస్పతి వాడకపోవడమే మంచిది. నూనెలు, కొవ్వుల్లో ట్రాన్స్ కొవ్వు రెండు శాతం మించరాదని 2022 జనవరి నుంచి దేశంలో నిబంధన అమల్లో ఉన్నా, వనస్పతిలో సంతృప్త కొవ్వు ఎలాగూ ఎక్కువే.

పండు గుజ్జు, పెరుగు, బెల్లం, నూనె కలిపాక రెండు పిండులూ ఉప్పూ వేసి, పొడి కనబడకుండా కలిస్తే చాలు. చపాతీ పిండిలా మర్దించకూడదు. ఎంత కలిపితే గ్లూటెన్ అంత అల్లుకుని బ్రెడ్ సాగుతుంది. మరలో ఆడించిన పిండిలో రాపిడికి దెబ్బతిన్న పిండి రేణువులు ఎక్కువ, పొట్టూ ఉంది. రెండూ నీళ్లు బాగా పీలుస్తాయి. అందువల్ల పావుగంట నాననివ్వాలి. నానకపోతే పొట్టు బ్రెడ్ లోపల గరగరలాడుతుంది, అంచులు బిరుసెక్కుతాయి. నానాక మిశ్రమం గరిటె నుంచి జారీ జారనట్టు ఉండాలి.

సోడా మాత్రం ముందే కలపకూడదు. అది సోడియం బైకార్బొనేట్. పెరుగులోని లాక్టిక్ ఆమ్లం, పండులోని మాలిక్ ఆమ్లం, నిమ్మలోని సిట్రిక్ ఆమ్లం తగలగానే కార్బన్ డయాక్సైడ్‌ను విడుదల చేస్తుంది. అర చెంచా, అంటే దాదాపు రెండున్నర గ్రాముల సోడా పూర్తిగా చర్య జరిపితే గది ఉష్ణోగ్రత దగ్గర ముప్పావు లీటరుకు కాస్త తక్కువ వాయువు పుడుతుంది. నానబెట్టే పావుగంటలో అది గాల్లో కలిసిపోతే ఇక పొంగడానికి ఏమీ మిగలదు. నానాకే సోడా, నిమ్మరసం, యాలకుల పొడి, వేరుశనగ గుళ్లు వేసి నాలుగుసార్లు తిప్పి వెంటనే టిన్నులో పోయాలి.

బాగా పొంగాలని సోడా పెంచేవారు చాలామంది. ఆమ్లం చాలకపోతే మిగిలిన సోడా వేడికి విడిపోయి సగం వాయువునే ఇస్తుంది, వెనక సోడియం కార్బొనేట్‌ను మిగులుస్తుంది. సబ్బు వాసన, చేదు దానివే. పైగా సోడా కూడా సోడియమే. ఆ అర చెంచాలో దాదాపు 680 మిల్లీగ్రాములు ఉంటుంది, ముక్కకు 68. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు పెట్టిన హద్దు 2,000. ఒక ముక్కకు ఇది భయపడేంత కాదు. సోడా మూడింతలు చేస్తే మాత్రం రక్తపోటు ఉన్నవారు లెక్క చూసుకోవాల్సిందే.

ఓవెన్ ఉంటే 175 డిగ్రీల దగ్గర 45 నుంచి 55 నిమిషాలు. లేకపోతే మందపాటి అడుగున్న పెద్ద గిన్నెలో స్టాండ్ పెట్టి, మూతపెట్టి పది నిమిషాలు వేడిచేసి, టిన్ను లోపల ఉంచి సన్నని మంట మీద ఇంచుమించు అంతే సేపు కాల్చవచ్చు. నీళ్లు లేని ప్రెషర్ కుక్కర్‌ను ఇందుకు వాడడం చాలా ఇళ్లలో అలవాటు. అంతసేపు పొడి వేడి తగిలితే కుక్కర్ దెబ్బతింటుంది. గిన్నే మేలు. పైరంగును చూసి ఉడికిందని అనుకోవద్దు. పండులోని గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌లు పిండిలోని ప్రొటీన్లతో కలిసి తొందరగా రంగు తేలతాయి, లోపల ఇంకా పచ్చిగా ఉండవచ్చు. మధ్యలో సన్నని పుల్ల గుచ్చి తీస్తే తడి పిండి అంటకూడదు. గంటసేపు చల్లారాకే కోయాలి. వేడి మీద పిండి పదార్థం ఇంకా గట్టిపడదు, కత్తికి ముద్దగా అంటుతుంది.

ఇలా చేస్తే ఒక్కో ముక్కలో బయటినుంచి వేసిన బెల్లం 5 గ్రాములు, పీచు 3 గ్రాములు, మొత్తం సుమారు 180 కేలరీలు. మొదట చెప్పిన మైదా రకంలో పీచు ఒక గ్రాముకు కాస్త ఎక్కువ. రోజుకు రెండు వేల కేలరీలు తినేవారికి కావాల్సిన పీచు 30 గ్రాములు కాబట్టి ఈ ముక్క ఇచ్చేది అందులో పదో వంతు. తీపి మొదటిసారి చప్పగా అనిపించవచ్చు. ఒకేసారి 200 నుంచి 50కి దిగకుండా 120, 80 అంటూ రెండు మూడు విడతల్లో దిగితే ఇంట్లోవారు గోల చేయరు.

ఒక నష్టం మాత్రం తప్పదు. చక్కెర నీటిని పట్టి ఉంచి సూక్ష్మజీవులకు అందకుండా చేస్తుంది. అది తగ్గిన బ్రెడ్ త్వరగా బూజు పడుతుంది. జంషెడ్‌పూర్ వానాకాలపు తేమలో బయట పెడితే రెండు రోజులకు మించి నమ్మడానికి లేదు. ఫ్రిజ్‌లో పెడితే బూజు ఆలస్యమవుతుంది కానీ ఆ చల్లదనంలో పిండి పదార్థం మళ్లీ గట్టిపడి ముక్క బిరుసవుతుంది. ముక్కలు కోసి ఫ్రీజర్‌లో పెట్టి, కావాల్సినప్పుడు ఒక్కోటి పెనం మీద వెచ్చచేసుకోవడం మంచి పద్ధతి. ఎక్కడైనా బూజు కనబడితే ఆ మేరకు కోసేసి మిగతాది తినకూడదు. మెత్తటి బ్రెడ్‌లో బూజు పోగులు కంటికి కనబడే మచ్చను దాటి చాలా లోపలికి పాకి ఉంటాయి, మొత్తం పారేయాలి.