ఛాతీ జబ్బులు: ముక్క తీసి చూచుట ఎందుకు?

రెండు వారములకు మించి దగ్గు ఉన్నచో కఫము పరీక్ష చేయించవలెనని పంచాయతీ సభ్యులకు తెలియును. ఎక్స్‌రే సంగతియు క్రొత్త కాదు. ఈ రెంటికిని అంతుపట్టని జబ్బులు కొన్ని కలవు. అప్పుడు వైద్యుడు ముక్క తీసి చూడవలెననును. పెక్కు కుటుంబములు అచ్చటనే వెనుదిరుగుచున్నవి. నీరు తీసినచో మనిషి దక్కడనియు, ముక్క తీసినచో జబ్బు ఒళ్ళంతయు ప్రాకుననియు ఊళ్ళలో చెప్పుకొనుట మేమును విన్నాము. ముక్క తీసినందువలన జబ్బు ప్రాకుట బహు అరుదు.

ఎక్స్‌రేలో కనిపించునది నీడ మాత్రమే. క్షయ మచ్చయు కాన్సరు గడ్డయు ఒక్కొక్కప్పుడు ఒకే తీరున ఉండును. క్షయ యనుకొని నెలల తరబడి మందులు మ్రింగి, తీరా కాన్సరని తేలునప్పటికి శస్త్రచికిత్సకు వేళ మించిపోవచ్చును.

ఛాతీ పొరల నడుమ నీరు చేరినచో రోగిని కూర్చుండబెట్టి, వీపున మత్తుసూది వేసి, ప్రక్కటెముక పై అంచును ఆనుకొని సూది దింపుదురు. క్రింది అంచున రక్తనాళములు ఉండుటయే దీనికి కారణము. నీరు తీసినంతట ఆయాసము తగ్గుటయు కలదు.

1897లో జర్మనీలో గుస్తావ్ కిలియన్ ఒక రైతు శ్వాసనాళమున చిక్కిన ఎముక ముక్కను గొట్టముతో తీసెను. 1960 దశకమున జపాను వైద్యుడు షిగెటో ఇకెడా ఆ గొట్టమును వంగునట్లు చేసెను. నేడు దానితోనే లోపల చూచి ముక్క తీయుచున్నారు. పొరల జబ్బుకు ప్రక్కటెముకల నడుమ చిన్న రంధ్రము చేసి చూచుట 1910లో స్వీడనునందు యాకోబియస్ వెల్లడించిన పద్ధతి. మెడలో బిళ్ళ కట్టియున్నచో ఇంత శ్రమ అక్కరలేకపోవచ్చును. ఆ బిళ్ళయే జబ్బు పేరు చెప్పవచ్చును.

అపాయము లేదని మేము చెప్పము. కొందరికి ఊపిరితిత్తి చుట్టును గాలి చేరి అది ముడుచుకొనును. ఇంటికి వచ్చిన పిదప ఆయాసము గాని ఛాతీనొప్పి గాని హెచ్చినచో తెల్లవారువరకు ఆగరాదు. రక్తము పలుచబడు మాత్రలు వాడువారు ఆ మాట ముందే వైద్యునికి చెప్పవలెను.

రోగికి తోడుగా వెళ్ళు సభ్యులు ఒక సంగతి అడుగవలెను. ముక్కను ఫార్మలిన్‌లో వేసినచో క్షయ క్రిములు చచ్చును. ఇక వాటిని పెంచి చూచుటకు వీలుండదు. కావున క్షయ అనుమానమున్నప్పుడు రెండవ ముక్కను ఫార్మలిన్ లేని సీసాలో వేరుగా పంపవలెను. క్రిములు మెల్లగా పెరుగును గనుక ఆ ఫలితమునకు ఆరు వారములు పట్టవచ్చును. చీటీ భద్రపరచి, తిరిగి రమ్మన్న తేదీని ఇంటివారితోపాటు ఆశా కార్యకర్తకును తెలుపవలెను.