కాపలా కణంలోనే కాపురం!

పెరుగన్నం అంటే మా టామీకి ప్రాణం. అలాంటిది ఆరోజు గిన్నె ముందు పెడితే వాసన చూసి, పక్కకు తిరిగి పడుకుంది. ఎండలు ముదిరాయి కదా, వేడి చేసిందేమోలే అనుకున్నాం. మూడోరోజు ముక్కులోంచి రక్తం చుక్కలు చుక్కలుగా పడేసరికి గుండె గుభేలుమంది. పరుగెత్తాం డాక్టరు దగ్గరికి. ఆయన చెవి మడత తిప్పి, మినపగింజల్లా అంటుకుని ఉన్న రెండు గోమార్లను చూపించి, ‘టిక్ ఫీవర్‌లా ఉందండీ, రక్తం పరీక్ష చేద్దాం’ అన్నారు. ప్లేట్‌లెట్లు 30 వేలు! ఆరోగ్యంగా ఉన్న కుక్కకు దాదాపు 2 లక్షల పైనే ఉండాలి.

మందు మొదలెట్టిన మూడోరోజుకే లేచి గిన్నె నాకేసింది. పదో రోజుకి పిల్లలతో బంతాట. ఇంకేముంది, తగ్గిపోయిందనుకున్నాం. 28 రోజులు వేయమని చీటీలో స్పష్టంగా రాసి ఉన్నా మాత్రలు ఆపేశాం. ఆ తప్పు అచ్చంగా మాదే. ఎంత పెద్ద తప్పో తెలియాలంటే, ఆ జ్వరం వెనకున్న సూక్ష్మజీవి ఎక్కడ దాక్కుంటుందో తెలియాలి.

దొంగ దొరికింది అల్జీరియాలో

దాని పేరు ‘ఎర్లికియా కేనిస్’. 1935లో అల్జీరియాలోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసే డొనాటియన్, లెస్టోకార్డ్ అనే ఇద్దరు ఫ్రెంచి శాస్త్రవేత్తలు దీన్ని మొదటిసారి గుర్తించారు. గోమార్లు పట్టి, జ్వరంతో నీరసించిపోయిన కుక్కల రక్తాన్ని మైక్రోస్కోప్ కింద పెడితే, తెల్లరక్తకణాల లోపల మల్బరీ పండులా గుత్తిగా ఏవో కనిపించాయి. అవే ఈ బ్యాక్టీరియా గుంపులు.

ఆ తర్వాత చాలాకాలం దీన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. వియత్నాం యుద్ధం వచ్చాకే దాని అసలు రూపం బయటపడింది. అక్కడ అమెరికా సైన్యం వేల కుక్కలను వాడింది. ఎక్కువ జర్మన్ షెపర్డ్‌లే. 1968 ప్రాంతం నుంచి అవి ఒక్కొక్కటే ముక్కుల వెంట రక్తం కారుతూ చనిపోవడం మొదలైంది. శత్రువు తూటా తగల్లేదు, విషం పెట్టలేదు. మరి ఏమిటిది? రక్తంలో ఎర్రకణాలు, తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు... మూడూ పడిపోతున్నాయి. డేవిడ్ హక్సాల్, ఆయన సహచరులు ఆరా తీస్తే చివరికి దొరికింది ఈ అల్జీరియా దొంగే!

మింగినవాడి కడుపులోనే మకాం

మన ఒంట్లోలాగే కుక్క ఒంట్లోనూ మోనోసైట్లు, మాక్రోఫేజ్‌లు అనే కాపలా కణాలుంటాయి. బయటినుంచి ఏ క్రిమి వచ్చినా దాన్ని చుట్టేసి లోపలికి మింగేయడం వాటి పని. మింగాక దాన్ని ఒక సంచిలో బంధిస్తాయి. ఘాటైన జీర్ణరసాలున్న మరో సంచి వచ్చి దాంతో కలుస్తుంది. అంతే, క్రిమి అందులో కరిగిపోతుంది.

ఎర్లికియా కూడా బుద్ధిగా ఆ కణంలోకి వెళ్తుంది. కానీ జీర్ణరసాల సంచి వచ్చి కలవకుండా అడ్డుపడుతుంది. దాంతో జైలు కావాల్సిన గది కాస్తా అత్తారిల్లు అయిపోతుంది. తిండి అక్కడే, సంతానం అక్కడే. గుంపు పెరిగాక కణాన్ని వదిలి పక్క కణంలో చేరుతుంది.

మరి అలారం మోగదా? మోగాలి. చాలా బ్యాక్టీరియాల పైపొరలో ఉండే కొన్ని పదార్థాలను పసిగట్టే మన రక్షణ కణాలు కేకలు పెడతాయి. ఎర్లికియాకు ఆ పదార్థాలను తయారుచేసే జన్యువులే లేవు. మువ్వల్లేని పిల్లి అన్నమాట! అడుగుల చప్పుడు వినపడదు.

ఇక్కడో చరిత్ర విచిత్రం ఉంది. 1882లో ఇటలీలోని మెస్సీనాలో నక్షత్రచేప పిల్లల్ని పరిశీలిస్తూ ‘క్రిములను మింగే కణాలే మన రక్షకులు’ అన్న ఆలోచనకు వచ్చాడు మెచ్నికాఫ్. ‘కాదు, రక్తంలోని యాంటీబాడీలే అసలు ఆయుధం’ అన్న వర్గానికి పెద్దదిక్కు పాల్ ఎర్లిక్. 1908లో నోబెల్ బహుమతిని ఇద్దరికీ కలిపి ఇచ్చారు. మన కథలోని బ్యాక్టీరియాకు పెట్టింది ఆ ఎర్లిక్ పేరే. అది కాపురం పెట్టిందేమో మెచ్నికాఫ్ చెప్పిన కణాల్లో!

యాంటీబాడీలు బోలెడు... ఫలితం?

ఈ జబ్బు సోకిన కుక్క రక్తంలో యాంటీబాడీలకు కొదవుండదు. ఒక్కోసారి మోతాదుకు మించి తయారవుతాయి. కానీ అవి తిరిగేది కణాల బయట. దొంగ ఉన్నది లోపల. వీధిలో ఎంతమంది పోలీసులుంటే ఏం లాభం? పైగా ఆ గందరగోళంలో కొన్ని యాంటీబాడీలు సొంత ప్లేట్‌లెట్ల మీదే పడతాయి. ముక్కులోంచి రక్తం కారడానికి అదీ ఒక కారణం.

దొంగ ఉన్న కణాన్ని గుర్తుపట్టి పని పట్టాల్సింది టీ కణాలు. ఇది ఎంత ముఖ్యమో 1980లో వచ్చిన ఒక పరిశోధనలో తేలింది. జర్మన్ షెపర్డ్‌లకు, బీగల్ జాతి కుక్కలకు ఇదే బ్యాక్టీరియాను ఎక్కించి చూశారు. రెండింటిలోనూ యాంటీబాడీలు దాదాపు ఒకేలా తయారయ్యాయి. తేడా కణాల స్పందనలో! జర్మన్ షెపర్డ్‌లలో అది మందగించింది. వియత్నాంలో అన్ని కుక్కలు ఎందుకు చనిపోయాయన్న ప్రశ్నకు కొంత జవాబు అక్కడ దొరికింది. మీ ఇంట్లో జర్మన్ షెపర్డ్ ఉంటే ఇంకాస్త జాగ్రత్తగా ఉండాలనేది అందుకే.

‘తగ్గింది’ అనిపించే దశే ప్రమాదం

ఈ జబ్బు మూడు అంకాల నాటకం. గోమారి కుట్టిన రెండు మూడు వారాల్లో మొదటి అంకం మొదలవుతుంది. జ్వరం, తిండి మానేయడం, మెడ కింద గ్రంథులు వాయడం, చిగుళ్ల మీదా పొట్ట మీదా ఎర్రని చుక్కలు, కళ్లు ఎర్రబడటం లాంటివి కనిపిస్తాయి. కొన్ని వారాలకు మందు వేయకపోయినా చాలా కుక్కలు లేచి తిరుగుతాయి. గమ్మత్తంతా ఇక్కడే ఉంది.

రెండో అంకంలో కుక్క చూడ్డానికి బాగానే ఉంటుంది. తింటుంది, ఆడుతుంది, తోక ఊపుతుంది. బ్యాక్టీరియా మాత్రం ప్లీహంలోని కణాల్లో నక్కి కూచుంటుంది. ఇజ్రాయెల్‌లోని హీబ్రూ విశ్వవిద్యాలయంలో షిమోన్ హారస్, ఆయన సహచరులు చేసిన పరిశోధనలో, జబ్బు సోకిన 34 నెలల తర్వాత కూడా పైకి బాగానే ఉన్న కుక్కల్లో ఆ బ్యాక్టీరియా డీఎన్ఏ దొరికింది. దాదాపు మూడేళ్లు! కొన్ని కుక్కలు ఈ దశలో సొంతంగానే దాన్ని వదిలించుకుంటాయి. కొన్ని వదిలించుకోలేవు.

వదిలించుకోలేని వాటికి మూడో అంకం. ఎముకల్లోని మూలుగ దెబ్బతిని రక్తకణాల తయారీయే ఆగిపోతుంది. చిగుళ్లు పాలిపోతాయి, బరువు తగ్గిపోతుంది, చిన్న గాయమైనా రక్తం ఆగదు. అప్పుడు ఎంత మంచి మందు వేసినా ఫలితం అనుమానమే.

మా టామీ ఆ మూడో అంకంలోనే వెళ్లిపోయింది. మాత్రలు ఆపేసిన పద్నాలుగు నెలలకు. మధ్యలో ఏడాదిపైగా అది ఆడుతూ పాడుతూనే ఉంది. అందుకే మాకు అనుమానమే రాలేదు.

ఇవి గుర్తుంచుకోండి

ఈ జబ్బుకు వాడే ముఖ్యమైన మందు డాక్సీసైక్లిన్. అది కణం లోపలికి వెళ్లి పనిచేయగలదు. మొదటి దశలో ఉన్న కుక్క రెండు మూడు రోజుల్లోనే తేరుకుంటుంది. కానీ సాధారణంగా కోర్సు నాలుగు వారాలు. తోక ఊపింది కదా అని ఆపకండి. ఖాళీ కడుపున వేస్తే వాంతి చేసుకోవచ్చు కాబట్టి తిండితోపాటు వేయండి.

కోర్సు అయ్యాక ప్లేట్‌లెట్ల పరీక్ష మళ్లీ చేయించండి. యాంటీబాడీ టెస్టులో ‘పాజిటివ్’ అని వస్తే హడలిపోవద్దు. జబ్బు తగ్గిన చాలా నెలల తర్వాత కూడా యాంటీబాడీలు ఉంటాయి. బ్యాక్టీరియా ఇంకా ఉందో లేదో తెలియాలంటే పీసీఆర్ పరీక్ష కావాలి. రక్తంలో దొరక్కపోయినా ప్లీహంలో దాక్కుని ఉండొచ్చు. అందుకే ఆ నిర్ణయం డాక్టరుకే వదిలేయండి.

అన్ని ‘టిక్ ఫీవర్లూ’ ఒకటి కాదు. బబీసియా అనే మరో పరాన్నజీవి కూడా గోమార్ల వల్లే వస్తుంది, ఎర్రకణాల్లో చేరుతుంది. దానికి మందు వేరు. పక్కింటి కుక్కకు రాసిన చీటీ మీ కుక్కకు పనికిరాదు. ఇక జ్వరం ఉంది కదా అని మనం వేసుకునే ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ లాంటివి అస్సలు వేయకండి. అసలే ప్లేట్‌లెట్లు తక్కువ, రక్తస్రావం ఇంకా పెరుగుతుంది.

ఒకసారి వచ్చిపోతే మళ్లీ రాదనుకోవడం కూడా పొరపాటే. గోమారి కుడితే మళ్లీ వస్తుంది. ఇప్పటికీ దీనికి టీకా లేదు. బలహీనపరిచిన బ్యాక్టీరియాతో హీబ్రూ విశ్వవిద్యాలయం వాళ్లు ప్రయోగం చేసి, 2012లో ఆశాజనకమైన ఫలితాలు ప్రకటించారు. అది ఇంకా మన క్లినిక్‌ల దాకా రాలేదు.

గోడ సందుల్లో చూశారా?

కాబట్టి మన చేతిలో ఉన్నది గోమారిని ఆపడమే. దీన్ని కొన్ని ఊళ్లలో పిడుదు అంటారు. కుక్కల గోధుమరంగు గోమారి ఇళ్లలోనే హాయిగా బతికేస్తుంది. రక్తం తాగి ఉబ్బిన ఆడది కిందికి దిగి, గోడ పగుళ్లలోనో, గుమ్మం సందుల్లోనో వేలకొద్దీ గుడ్లు పెడుతుంది. మన తెలుగు రాష్ట్రాల్లో దాని ఆట కట్టించేంత చలి ఎక్కడుంది? ఏడాది పొడవునా దానికి పండగే. కుక్కకు స్నానం చేయించి ఊరుకుంటే సగం పనే అయినట్టు. అది పడుకునే గోనెపట్టా ఎండలో వేయాలి. గోడల పగుళ్లు పూడ్చాలి.

గోమారి అంటుకున్న మూడు గంటల్లోనే ఈ బ్యాక్టీరియాను ఎక్కించగలదని 2013లో వచ్చిన పరిశోధన చెబుతోంది. అంటే సాయంత్రం తీరిగ్గా ఏరేద్దాంలే అంటే కుదరదు. అంటుకోకుండా చేసే మందు కావాలి. కాలర్లు, వీపు మీద వేసే చుక్కలు, నమిలే మాత్రలు ఉన్నాయి. మీ కుక్కకు ఏది సరిపోతుందో డాక్టరు చెబుతారు. కనిపించిన గోమారిని వేళ్లతో నలపొద్దు, కిరసనాయిలు పోయొద్దు. చిమ్టాతో చర్మానికి దగ్గరగా పట్టుకుని నెమ్మదిగా లాగండి. ఇంట్లో పిల్లి కూడా ఉందా? కుక్కకు వేసే పెర్మెత్రిన్ మందు పిల్లికి ప్రాణాంతకం. జాగ్రత్త!

మాకింత దూరంలో ఉంటుందా అనుకోవద్దు. ఈ జబ్బు లేని దేశంగా ఆస్ట్రేలియా ఎంతో కాలం నిశ్చింతగా ఉంది. 2020లో పశ్చిమ ఆస్ట్రేలియాలోని కింబర్లీ ప్రాంతంలో కుక్కలకు సోకినట్టు తేలింది. ఆ తర్వాత అక్కడి ఇతర రాష్ట్రాలకూ పాకింది.

ఇప్పుడు మా ఇంట్లో మరో కుక్కపిల్ల ఉంది. పేరు చిన్నోడు. వాడి కాలర్ మార్చాల్సిన తేదీని మా అమ్మాయి క్యాలెండర్‌లో ఎర్రపెన్నుతో గుండ్రంగా చుట్టి పెట్టింది. రోజూ సాయంత్రం వాకింగ్ నుంచి రాగానే చెవుల మడతలు, వేళ్ల సందులు, తోక కింద వెతకడం దాని డ్యూటీ. మొన్న ఒకరోజు అడిగింది, ‘టామీకి కూడా ఇలాగే చూసుంటే బతికేది కదా నాన్నా?’ అని.

నా దగ్గర జవాబు లేదు. మీ పిల్లలు అలా అడిగే పరిస్థితి రానివ్వకండి. ఆ చీటీలో ఎన్ని రోజులని ఉంటే అన్ని రోజులూ మాత్ర వేయండి.