ఆశ్రయమనగా నేమి?

ఇల్లు గోల్పోయినవానికి ఒకపూట యన్నము పెట్టు దాతలు ఏ దేశమునను కొఱతపడరు. ఆ యన్నము తిన్న మఱునాడు వాడెచ్చట తల దాచుకొనెనో విచారించువారే యరుదు. తుపాను వార్త పత్రికలయందు మొదటి పుటనుండి తొలగిపోవుటతోడనే దాతల జాలియు తొలగిపోవుట లోకరీతి. ఈ రీతికి భిన్నముగ వర్తించిన యొక నగరపు చరిత్రమును నేడు మా పాఠకులకు విన్నవింపదలచితిమి.

2005వ సంవత్సరము ఆగస్టు 29వ తేదీన కట్రీనా యను తుపాను అమెరికాలోని లూసియానా తీరమును దాకెను. గాలికంటె నీరే యెక్కువ కీడు గావించెను. న్యూ ఆర్లియన్సు నగరమునకు రక్షగా నున్న కరకట్టలు పలుతావుల తెగి, నగరమున నూటికి 80 పాళ్లు మునిగిపోయెను. స్వంత బండ్లుగలవారు పెక్కురు ముందుగనే వెడలిరి. మిగిలినవారిలో ననేకులు పేదలు, వృద్ధులు, రోగులు, నల్లజాతివారు. వీరు వేలకొలదిగా సూపర్‌డోమ్ అను క్రీడామందిరమున జేరి, దీపములు లేక, నీరు చాలక, దుర్గంధమున దినములు గడపవలసివచ్చెను.

అట్టి సమయమున, సుమారు 560 కిలోమీటర్ల పడమట నున్న హ్యూస్టను నగరము తన తలుపులు తెరచెను. నగరాధ్యక్షుడు బిల్ వైట్, హారిస్ కౌంటీ పాలనాధిపతి రాబర్ట్ ఎకెల్స్ భిన్నపక్షములవారయ్యు ఒక్కమాటపై నిలిచిరి. ఆస్ట్రోడోమ్ అను పాత క్రీడామందిరమున వేలకొలది మంచములు పరపించిరి. అది నిండగా పొరుగు మందిరములను, నగర సభాభవనమును గూడ తెరపించిరి. వైద్యులు అచ్చటనే చికిత్సాలయమును నెలకొల్పిరి. బిడ్డలను నగరపాఠశాలలు చేర్చుకొనెను. ఉత్తరములు చేరుటకై ఆ యాశ్రయమునకు 77230 అను ప్రత్యేక తపాలాసంఖ్య యేర్పడెను. ఊరుపేరులు చెదరిపోయిన మానవునికి మరల నొక చిరునామా లభించుట స్వల్పవిషయముగా మాకు దోపదు.

ఇంతవరకు జరిగినది ఉపకారము. అటుపై జరిగినదే ఆశ్రయము. మందిరమున మంచము వేయుట కాపురము కాదని ఆ నగరము మొదటి వారముననే గ్రహించెను. ఇంటి యజమానులతో మాటలాడి, అద్దెకు తాను పూచీపడి, కుటుంబమునకొక చీటి యిచ్చి, 30,000కు మించిన యిండ్లలో లక్షమందికి పైగా జనులను ప్రవేశపెట్టెను. సెప్టెంబరు మాసాంతమున రీటా యను మఱియొక తుపాను రానున్నదని తెలియునప్పటికి ఆస్ట్రోడోమ్ ఖాళీయై యుండెను. తాళముచెవి చేతబట్టినవాడు బిచ్చగాడు కాడు, కాపురస్థుడు. తమ్ము శరణార్థులని పిలువవలదనియు, తామీ దేశపు పౌరులమే యనియు నాడు పలువురు బాధితులు పలికిన మాటలోని యంతరార్థ మిదియే.

అన్నియు సుఖముగ జరిగెనని మేము చెప్పము. కేంద్ర ప్రభుత్వపు సహాయశాఖ అద్దెల చెల్లింపు గడువులను మార్చుచుండుటచే వేలకొలది కుటుంబములు దిగులుపడెను. 2006వ సంవత్సరమున నగరమున హత్యలు పెరిగెను. కొందరి నేరమునకు వచ్చినవారందరిని నిందించిన నోళ్లును లేకపోలేదు. అతిథి నెలలకొలది నిలిచినప్పుడు గృహస్థుని మొగము మారుట మానవసహజము. మొగము మారినను తలుపు మూయకుండుటే ధర్మము. నగరము దానిని నిలుపుకొనెను. వచ్చినవారిలో ననేకులు అచ్చటనే స్థిరపడిరి.

కాలచక్రము తిరిగెను. 2017వ సంవత్సరము ఆగస్టున హార్వీ తుపాను హ్యూస్టనునే ముంచెత్తెను. నాడు కట్రీనా బాధితులు తలదాచుకొనిన సభాభవనముననే ఆ నగరవాసులు వేలకొలదిగా తలదాచుకొనిరి. లూసియానానుండి సామాన్యజనులు తమ పడవలను బండ్లకు గట్టి తెచ్చి వీధులలో చిక్కినవారిని గట్టెక్కించిరి. చేసిన మేలు చెడదని మన పెద్దలు చెప్పుమాటకు ఇంతకంటె నిదర్శనము వలదు.

మనవారు వేలకొలదిగా హ్యూస్టనున కాపురముండుటచే ఈ వృత్తాంతము మనకు పరాయిది కాదు. 1977వ సంవత్సరము నవంబరు 19వ తేదీన దివిసీమను ఉప్పెన ముంచిన రాత్రిని మఱచిన యాంధ్రుడు లేడు. నాటినుండి హెచ్చరికలు మెరుగుపడినవి, తుపాను భవనములు లేచినవి. ఐనను భవనమునుండి వెలికివచ్చిన కౌలుదారు, కూలివాడు, బెస్తవాడు కూలిన గుడిసెవైపే నడువవలసియున్న, మనము కాపాడినది ప్రాణమునే గాని బ్రదుకును గాదు. ఊరిలో నే యింట గది ఖాళీగ నున్నది, దానికి అద్దె యెవరిత్తురు, ఎన్ని మాసములిత్తురు అను లెక్కను తుపాను పుట్టకముందే మన పురపాలకులును, గృహయజమానులును కూర్చుండి వ్రాసికొనవలెను. నీరు గడపలోనికి వచ్చిన పిమ్మట లెక్కలు వ్రాయుటకు వ్యవధి యుండదు.