యువజన క్రీడలలో క్రీడాస్ఫూర్తి, దయాగుణం

1. ఉపోద్ఘాతం

మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడూ శాసనసభ నియోజకవర్గ కేంద్రాలు. 2023 డిసెంబర్ 26న మొదలైన ‘ఆడుదాం ఆంధ్రా’ పోటీలు గ్రామ, వార్డు సచివాలయాల నుంచి మండలం, నియోజకవర్గం, జిల్లా, రాష్ట్ర స్థాయుల వరకు అంచెలంచెలుగా సాగాయి. పాఠశాల క్రీడలు కూడా ఇలాగే అంచెలవారీగా జరుగుతాయి. నాకౌట్ పద్ధతిలో 16 జట్లు ఆడితే, వాటిలో 15 జట్లు ఎక్కడో ఒకచోట ఓడిపోక తప్పదు. గెలుపు ఒక్కటే క్రీడల ప్రయోజనమైతే ఆ 15 జట్ల పిల్లలకు మిగిలేది ఏమిటి? ఈ ప్రశ్నకు సమాధానం క్రీడాస్ఫూర్తి అనే భావనలో ఉంది.

2. నియమం, నిజాయితీ, దయ

క్రీడాస్ఫూర్తిని మూడు స్థాయులలో అర్థం చేసుకోవచ్చు. మొదటిది నియమపాలన. కబడ్డీలో కూతకు వచ్చిన ఆటగాడిని జుట్టు పట్టి లాగకూడదు. లాగితే రిఫరీ చర్య తీసుకుంటాడు. ఇక్కడ ఆటగాడిని అదుపులో ఉంచేది శిక్షాభయం.

రెండవది నిజాయితీ. రిఫరీ కంటికి అన్నీ కనబడవు. మదనపల్లె, పుంగనూరు జట్ల మధ్య కబడ్డీ ఆట జరుగుతున్నదని ఊహించండి. ఇరుజట్ల పాయింట్లు సమానం. అది చివరి కూత. వచ్చిన ఆటగాడి వేలి కొస రక్షకుడి భుజానికి తగిలింది. రిఫరీ చూడలేదు, ప్రేక్షకులూ చూడలేదు. తగిలిన సంగతి ఆ ఇద్దరికే తెలుసు. రక్షకుడు తానే చెయ్యెత్తి బయటకు నడిస్తే అతని జట్టు ఓడిపోతుంది. నియమం చేరలేని ఈ చోటునే నిజాయితీ పూరిస్తుంది.

మూడవది దయ. నియమం గానీ నిజాయితీ గానీ కోరని పనిని ప్రత్యర్థి కోసం చేయడమే ఇది. పడిపోయినవాడికి చెయ్యి అందించడం, ఓడినవారిని వెక్కిరించకుండా ఉండడం, కండరం పట్టేసిన ప్రత్యర్థికి సాయపడడం ఈ కోవకు చెందుతాయి.

3. రెండు ఉదాహరణలు

1980 ఫిబ్రవరిలో బొంబాయి వాంఖడే మైదానంలో భారత్, ఇంగ్లండ్ మధ్య స్వర్ణోత్సవ టెస్టు జరిగింది. కుప్పానికి పొరుగు రాష్ట్రమైన కర్ణాటకకు చెందిన గుండప్ప విశ్వనాథ్ భారత జట్టు నాయకుడు. ఇంగ్లండ్ 58 పరుగులకే 5 వికెట్లు కోల్పోయిన దశ అది. తర్వాత కపిల్‌దేవ్ బౌలింగ్‌లో వికెట్ కీపర్‌కు క్యాచ్ ఇచ్చాడని అంపైర్ బాబ్ టేలర్‌ను అవుట్‌గా ప్రకటించాడు. బంతి బ్యాటుకు తగలలేదని స్లిప్‌లో ఉన్న విశ్వనాథ్‌కు నమ్మకం. ఆయన అంపైర్‌తో మాట్లాడి టేలర్‌ను వెనక్కి పిలిపించారు. టేలర్, బోథమ్ కలిసి 171 పరుగులు జోడించారు. భారత్ 10 వికెట్ల తేడాతో ఓడిపోయింది. నిజాయితీకి ఇక్కడ నిజమైన మూల్యం చెల్లించవలసి వచ్చింది. అయినా ఆ మ్యాచ్ ప్రస్తావన వస్తే, ఓటమితో పాటు ఆ నిర్ణయాన్నీ గౌరవంతో తలచుకుంటారు.

రెండవది 2016 ఆగస్టు 19న రియో ఒలింపిక్స్ మహిళల బ్యాడ్మింటన్ ఫైనల్. 21 ఏళ్ల పి.వి. సింధు మొదటి గేమ్‌ను 21-19తో గెలిచి, తర్వాతి రెండు గేములను 12-21, 15-21తో కోల్పోయింది. గెలిచిన కరోలినా మారిన్ కోర్టు మీద పడి ఏడ్చేసింది. సింధు ఆమె దగ్గరకు వెళ్లి లేపి, హత్తుకుంది. కింద పడి ఉన్న మారిన్ రాకెట్‌ను తీసి ఆమె సంచి దగ్గర పెట్టింది. స్వర్ణం చేజారిన క్షణంలో చేసిన పని కనుకనే దానికి అంత విలువ.

4. ఒక విమర్శ

పోటీకి, దయకు పొత్తు కుదురుతుందా అని మీరు అడగవచ్చు. 1895లో మదనపల్లెలో జన్మించిన తత్త్వవేత్త జిడ్డు కృష్ణమూర్తి, పిల్లలను ఒకరితో ఒకరిని పోల్చడం వారిలో భయాన్ని పెంచుతుందని వాదించారు. ఈ విమర్శలో బలం ఉంది. ఓడితే ఇంట్లో తిట్లు తప్పవని భయపడే పిల్లవాడు, పై ఉదాహరణలోని రక్షకుడిలా చెయ్యెత్తగలడా? కనుక ఆటను మానడం కాదు, ఓటమి చుట్టూ ఉన్న భయాన్ని తగ్గించడం అవసరం. ప్రత్యర్థి లేనిదే ఆట లేదు. ఆ విధంగా చూస్తే ప్రత్యర్థి శత్రువు కాదు, ఆటలో భాగస్వామి.

5. పెద్దల పాత్ర

చెయ్యెత్తి బయటకు వచ్చిన కుర్రవాడికి గీత దాటగానే ఎదురయ్యే మొదటి మాట కీలకం. “ఎవరూ చూడలేదు కదా, ఎందుకు చెప్పావు?” అని వ్యాయామ ఉపాధ్యాయుడో, తండ్రో అంటే, మళ్లీ అతను చెప్పడు. “మంచి పని చేశావు” అంటే జట్టు మొత్తం నేర్చుకుంటుంది. ఆట ముగిశాక “ఎదుటి జట్టు ఏం బాగా ఆడింది?” అని అడిగే అలవాటు, గెలిచినవారికి, ఓడినవారికి ఒకేచోట భోజనం పెట్టే ఏర్పాటు ఖర్చు లేని బోధనా పద్ధతులు.

6. సారాంశం

నియమపాలనను రిఫరీ అమలు చేయగలడు. నిజాయితీ, దయ మాత్రం ఆటగాడి నిర్ణయాలు. వాటికి ఒక్కోసారి ఆటే మూల్యం అవుతుంది. ఆ మూల్యాన్ని పెద్దలు గౌరవించినచోటనే అవి నిలబడతాయి.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. నియమపాలనకు, నిజాయితీకి గల భేదాన్ని ఒక ఉదాహరణతో వివరించండి.
2. విశ్వనాథ్ నిర్ణయం వల్ల జట్టుకు జరిగిన నష్టాన్ని దృష్టిలో ఉంచుకొని, ఆ నిర్ణయాన్ని మీరు సమర్థిస్తారా? కారణాలు తెలపండి.
3. మీ ఊరి మైదానంలో మీరు గమనించిన ఒక సంఘటనను పై మూడు స్థాయులలో ఏ స్థాయికి చెందుతుందో నిర్ణయించండి.